ఇంట్లో కరివేపాకు ఆకులు పండుబారితే: నాలుగు చలికాలాలు వాడిన మీటర్ల గురించి

మేముండేది ఇండియానాపొలిస్ పక్కన. అక్టోబరులో రాత్రి చలి 10 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగగానే మా రెండు కరివేపాకు కుండీలూ లోపలికొస్తాయి. మళ్ళీ మే నెల దాకా గడప దాటవు. ఆ ఏడు నెలలూ వాటికి సూర్యుడంటే ఒక ఎల్ఈడీ గ్రో లైటే. మొదటి చలికాలంలోనే ఒక చెట్టు ఆకులు రంగు మారాయి. 2021 నుంచి ఆ కారణం వెతకడానికి నేను కొన్నవి నాలుగు: మూడు పుల్లల సాయిల్ మీటరు, పీహెచ్ (పులుపూ క్షారమూ కొలిచే) పెన్ను, టీడీఎస్ (నీళ్ళలో కరిగిన మొత్తం ఉప్పును చెప్పే) పెన్ను, అక్వేరియం దుకాణంలో దొరికే చుక్కల టెస్టు కిట్టు. ఇన్నాళ్ళు వాడాక ఏది నిలిచిందో, ఏది డబ్బు దండగో చెప్పగలను.

మూడు పుల్లల మీటరుతో మొదలుపెడతాను, అది త్వరగా అయిపోతుంది. బ్యాటరీ అక్కర్లేదు, మట్టిలో గుచ్చితే తేమ, వెలుతురు, పీహెచ్ మూడూ చెబుతుందని డబ్బా మీద రాసి ఉంది. పీహెచ్ ముల్లు ఏ కుండీలో గుచ్చినా 7 దగ్గరే నిలబడింది. నిమ్మరసం పిండిన మట్టిలోనూ అంతే. కొనకండి.

ఏ మీటరూ చెప్పని సంగతి మా చిన్నాన్న ఫోనులో చెప్పాడు. ఆయనది అనంతపురం జిల్లా, ముప్పై ఏళ్ళుగా వేరుశనగ పండిస్తున్నాడు. "ఆకులు పచ్చబడుతున్నాయి చిన్నాన్నా" అంటే ఆయనకు అర్థం కాలేదు. మన మాటలో పచ్చ అంటే రెండు రంగులూ కదా. పసుపు రంగని చెప్పాక ఒకటే అడిగాడు: "చిగురు తెల్లంగా అయిందా, అడుగాకు పండిందా? ముందు అది చూసి చెప్పుమ్మా."

అసలు రోగనిర్ధారణ అక్కడే మొదలవుతుంది. నత్రజని, భాస్వరం, పొటాష్, మెగ్నీషియం చెట్టులో కదిలే పోషకాలు. కొరత వస్తే చెట్టు ముదురాకుల్లోంచి లాగి చిగురుకు పంపుతుంది, కాబట్టి ముందు కింది ఆకు చెడుతుంది. ఆకంతా ఒకే తీరుగా వెలిసిపోతే నత్రజని. ఈనెలు ఆకుపచ్చగా ఉండి మధ్య భాగం పసుపైతే మెగ్నీషియం. అంచులు మాడితే పొటాష్. ఇనుము, కాల్షియం కదలవు, అందుకే వాటి లోపం లేతాకులో కనిపిస్తుంది. నా చెట్టులో పాత రెమ్మలన్నీ నిగనిగలాడుతున్నాయి. కొత్త రెమ్మలు మాత్రం నిమ్మపండు రంగులో ఉన్నాయి, వాటి మీద సన్నటి ఆకుపచ్చ ఈనెలు వలలాగా తేలాయి. ఫోటో పంపగానే "ఇనుప ధాతు లోపం, సున్నం ఎక్కువున్న చేలల్లో మాకూ ఇట్లనే వస్తుంది" అన్నాడు. అక్కడ రైతులు లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేటు), 1 గ్రాము నిమ్మఉప్పు (సిట్రిక్ ఆసిడ్) కలిపి పిచికారీ చేస్తారు. నేను ఆ నీళ్ళను దూదితో ఒక్క రెమ్మకే అద్ది చూశాను. పది రోజుల్లో దూది తగిలిన చోట ఆకుపచ్చ మచ్చలు వచ్చాయి, తగలని చోట రాలేదు. ఏ పరికరమూ ఇవ్వనంత ఖాయమైన జవాబు అది.

కానీ అది పైపూత. కొత్త చిగురు మళ్ళీ తెల్లగానే వచ్చింది. కొత్త మట్టిలో ఇనుము లేకపోవడమేమిటన్న ప్రశ్న కోసం పీహెచ్ పెన్ను కొన్నాను.

కుండీకి బాగా నీళ్ళు పోసి, అరగంట ఆగి, మరో గ్లాసు డిస్టిల్డ్ వాటర్ పోస్తే అడుగు నుంచి కారే నీళ్ళు వేళ్ళ దగ్గరి పరిస్థితి చెబుతాయి. ఆ నీళ్ళు 7.9 చూపించాయి. ఆ పీహెచ్ దగ్గర మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. అంటే పెన్ను పనికొచ్చింది. కానీ దాన్ని చంటిపిల్లలా చూసుకోవాలి. మొదటి పెన్నును నేనే పాడుచేశాను. అమ్మ చెప్పిందని పుల్ల మజ్జిగ పోస్తూ, ఆ మజ్జిగ పీహెచ్ ఎంతో చూద్దామని నేరుగా ముంచాను. పాలలోని ప్రోటీను గాజు బుడ్డికి పట్టేస్తుంది. ఆపైన మూతలో నీళ్ళు లేకుండా ఎండబెట్టాను. పద్నాలుగు నెలలకే, పెన్నును సరిచూసుకోవడానికి అమ్మే పీహెచ్ 4.01 ద్రావణంలో ముంచితే 4.6 అనడం మొదలుపెట్టింది. రెండో పెన్ను మూతలో ఎప్పుడూ పొటాషియం క్లోరైడ్ స్టోరేజీ ద్రావణం నాలుగు చుక్కలు ఉంచుతున్నాను, నెలకోసారి రెండు ద్రావణాలతో సరిచేస్తున్నాను. రెండున్నరేళ్ళు దాటినా నమ్మకంగా ఉంది. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి ఉంచితే మాత్రం పాడవుతుంది. (మజ్జిగ ఎండాకాలం ఆరుబయట కుండీకి బాగానే ఉంటుంది. తలుపులు మూసిన ఇంట్లో వాసన, చిన్న ఈగలు భరించలేం.)

ఇక టీడీఎస్ పెన్ను. నాలుగేళ్ళలో బటన్ బ్యాటరీలు మార్చడం తప్ప ఏ పేచీ పెట్టలేదు. రెండో చలికాలం చివర్లో ఆకుల కొసలు మాడుతుంటే కారిన నీళ్ళు 1900 పీపీఎం (పది లక్షల వంతుల్లో 1900) చూపించింది. చెట్టు ఎదగని రోజుల్లో కూడా పదిహేను రోజులకోసారి ఎరువు పోస్తూ వచ్చాను, ఆ ఉప్పంతా అడుగున పేరుకుంది. మూడుసార్లు ధారాళంగా నీళ్ళు పోసి కడిగితే 700కి దిగింది. ఇది కొలిచేది విద్యుత్ వాహకతను, దాన్ని 0.5తోనో 0.7తోనో గుణించి పీపీఎం అంటుంది. ఒకే నీళ్ళకు మీ పెన్ను, స్నేహితుల పెన్ను వేరే అంకెలు చెబితే కంగారు పడకండి, ముందు ఆ గుణకం చూసుకోండి.

అయితే ఈ పెన్ను నన్ను ఒక చలికాలమంతా పక్కదారి పట్టించింది. మా ఇంట్లో వాటర్ సాఫ్ట్‌నర్ ఉంది. వంటింటి కుళాయి 415 పీపీఎం, సాఫ్ట్‌నర్ గుండా రాని బయటి తోట కుళాయి 410. రెండూ ఒకటే అనుకుని వంటింటి నీళ్ళే పోశాను. సాఫ్ట్‌నర్ కాల్షియం, మెగ్నీషియం తీసేసి ఆ స్థానంలో సోడియం పెడుతుంది. మొత్తం ఉప్పు తగ్గదు కాబట్టి టీడీఎస్ అంకె అలాగే ఉంటుంది. నేను చెట్టుకు రోజూ సోడియం తాగిస్తున్నానని ఆ పెన్నుకు తెలిసే దారే లేదు.

తెలిసింది చుక్కల కిట్టుతో. చేపలు పెంచేవాళ్ళు వాడేది, నాలుగింటిలో అన్నిటికంటే చవక. సీసాలో కొద్దిగా నీళ్ళు తీసుకుని రంగు మారేదాకా చుక్కలు లెక్కపెట్టడమే. జీహెచ్ అంటే కాఠిన్యం, కేహెచ్ అంటే క్షారత, ఆమ్లాన్ని విరిచే శక్తి. తోట కుళాయి జీహెచ్‌కు 19 చుక్కలు పట్టాయి, వంటింటి కుళాయికి ఒక్క చుక్కే. ఆ రోజే వంటింటి నీళ్ళు ఆపేశాను.

కేహెచ్ మాత్రం రెండింటికీ 16. ఒక్కో చుక్క లీటరుకు 17.9 మిల్లీగ్రాముల లెక్కన 286. నా ఇనుము సమస్యకు మూలం ఇదే. నీళ్ళ పీహెచ్ అంకె కంటే ఆ నీళ్ళలో ఈ క్షారతనిచ్చే బైకార్బొనేటు ఎంత ఉందన్నదే ముఖ్యం. తక్కువ క్షారత ఉన్న నీళ్ళు 8 చూపించినా మట్టిని పెద్దగా మార్చవు. క్షారత ఎక్కువున్న నీళ్ళు పోసిన ప్రతిసారీ చిటికెడు సున్నం వేసినట్టే. రెండేళ్ళు పీహెచ్ పెన్ను పట్టుకు తిరిగిన నాకు ఈ తేడా ముందే తెలిసుంటే ఆ చెట్టు సగం కొమ్మలు పోగొట్టుకునేది కాదు. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

మొదట గ్యాలన్ నీళ్ళకు పావు టీస్పూను నిమ్మఉప్పు కలిపి కేహెచ్‌ను 5 దాకా దించాను. ఇప్పుడు అంతకంటే సులువైన దారి పట్టాను. డెక్ మీద పడిన మంచును బకెట్లలో కరిగించి, రెండు వంతుల ఆ నీళ్ళకు ఒక వంతు తోట కుళాయి నీళ్ళు కలుపుతున్నాను. అలా కలిపితే కేహెచ్ 5, 6 చుక్కల దగ్గర ఆగుతుంది, కావలసిన కాల్షియమూ అందుతుంది. రోడ్డు పక్క మంచు తేకండి, అందులో ఉప్పు ఉంటుంది.

చీలేటెడ్ ఇనుము (వేరుకు అందేలా మరో రసాయనంతో కట్టిన ఇనుము) కొనేవాళ్ళు డబ్బా వెనక అక్షరాలు చదవండి. ఈడీటీఏ రకం పీహెచ్ 6.5 దాటితే నిలవదు. నేను మొదట కొన్నది అదే, 7.9 మట్టిలో పోసి ఫలితం లేక కూర్చున్నాను. ఈడీడీహెచ్‌ఏ రకం అంత క్షారంలోనూ పనిచేస్తుంది. గ్యాలన్‌కు ఒక గ్రాము కలిపి ఒక్కసారి పోశాను, మూడు వారాలకు చిగురు ఆకుపచ్చగా వచ్చింది. ఎర్రటి పొడి, నేల మీద పడితే మరక వదలదు.

వీటిలో దేనికీ చిక్కనిది ఎర్రనల్లి అనే సన్నటి పురుగు. హీటర్ గాలికి ఇల్లు ఎండిపోయినప్పుడు ఆకు మీద సన్నటి పసుపు చుక్కలు లేస్తాయి, అది కూడా పోషక లోపంలాగే కనిపిస్తుంది. తెల్లకాగితం పట్టి రెమ్మను తడితే, పడిన చుక్కలు నడుస్తాయి. ఈ ఫిబ్రవరిలో రెండో చెట్టుకు వచ్చింది అదే. ఎరువు డబ్బా తెరవబోయి ఆగి, ముందు కాగితం పట్టాను. ప్రతి ఆకు అడుగునా నీళ్ళ ధారతో కడిగి, నాలుగు రోజులకోసారి అదే చేస్తే మార్చి చివరికి కొత్త రెమ్మలు వేసింది.