సూర్యలంకా, బందరా, నిజాంపట్నమా? స్పీడ్‌బోటుతో తీరం వెంట

పున్నమి ఘాట్ నుంచి భవానీ ద్వీపం దాకా నాలుగుసార్లు బోటు నడిపితే చాలు, ఇక సముద్రం మీదా తిరిగేయొచ్చని మా బెజవాడ వాళ్లలో కొందరికి భలే ధీమా. బ్యారేజీ వెనక నిలిచిన నీళ్లు వేరు, బంగాళాఖాతం వేరు. మిత్రుడి ఫైబర్ బోటును ట్రైలర్ మీద ఎక్కించి తీరం వెంట ఒక ట్రిప్పు వేద్దామనుకున్నప్పుడు ఎంత దూరం పోగలం అన్న లెక్క పక్కన పెట్టేశాం. గాలి మారితే ఎక్కడ దూరి తలదాచుకోగలం అన్నదే మా మొదటి ప్రశ్న. తీరా చూస్తే ఈ తీరంలో అలాంటి చోట్లు బాగా తక్కువ.

అందరికీ ముందు గుర్తొచ్చేది సూర్యలంక. బాపట్ల నుంచి తొమ్మిది కిలోమీటర్లు. టూరిజం వాళ్ల హరిత రిసార్ట్ ఇసుకలోకే ఉంటుంది, పిల్లాపాపలతో వెళ్లేవాళ్లకు దాన్ని మించినది ఈ చుట్టుపక్కల లేదు. బస వరకు సూర్యలంకకు నా ఓటు. బోటు దించడానికి మాత్రం వద్దు. అది అడ్డూ ఆపూ లేని బీచ్, జెట్టీ లేదు. విరిగే అలల మధ్య నుంచి బోటును తోసుకుంటూ బయటపడాలి, మళ్లీ వాటిలోంచే ఒడ్డుకు రావాలి. బోటు కాస్త అడ్డం తిరిగిందా, తర్వాతి అల బోర్లా పడేస్తుంది. చీరాల దగ్గరి వోడరేవులో జాలర్లు ఫైబర్ తెప్పల్ని అలల మీదుగా తోసుకుపోతుంటే చూడముచ్చటగా ఉంటుంది కానీ అది చిన్నప్పటి నుంచీ అబ్బిన విద్య. మరో సంగతి, సూర్యలంకలో వైమానిక దళం స్థావరం ఉంది. 2020 డిసెంబర్‌లో ఆకాశ్ క్షిపణుల్ని ఇక్కడి నుంచే ప్రయోగించారు. అలాంటి రోజుల్లో ఎదురుగా ఉన్న సముద్రంలోకి ఎవరూ వెళ్లకూడదు. కాబట్టి తేదీ ఖరారు చేసేముందు మెరైన్ పోలీసుల్ని అడగడం తప్పనిసరి.

బందరు సౌకర్యాల్లో ముందుంటుంది. బెజవాడ నుంచి డెబ్బై కిలోమీటర్లే, హైవే. లాడ్జీలు, మెస్సులు, ఇంజన్ మెకానిక్కులు అన్నీ ఉన్నాయి. గిలకలదిండి హార్బర్ మొగలో, అంటే నీళ్లు సముద్రంలో కలిసే చోట, ఇసుక మేట వేయడం పాత గొడవ. బరువైన మరబోట్లు పోటు కోసం, అంటే సముద్రం నీరు ఎక్కేదాకా, ఆగాల్సి వస్తుంది. మా బోటుకు అంత లోతు అక్కర్లేదు. మమ్మల్ని ఆపింది ఆ తర్వాతి దారి. బందరు నుంచి దక్షిణంగా వెళితే కృష్ణా డెల్టా సముద్రంలోకి పొడుచుకొచ్చి ఉంటుంది. నది తెచ్చిన ఒండ్రుతో తీరానికి చాలా దూరం వరకు లోతు ఉండదు. ఆ డెల్టా అంతా చుట్టి నిజాంపట్నం చేరేదాకా నమ్మి దూరదగ్గ రేవు లేదు.

మ్యాప్ చూస్తే హంసలదీవి దగ్గర నది సముద్రంలో కలిసే చోటు మంచి ఆశ్రయంలా కనిపిస్తుంది. చిక్కంతా అక్కడే. మొగ దగ్గర ఇసుక దిబ్బ నీటి కింద అడ్డంగా పడుకుని ఉంటుంది. లోతున నున్నగా దొర్లుతూ వచ్చిన కెరటం దాని మీదికి రాగానే నిలువునా లేచి విరుగుతుంది. పాటు వేళ, అంటే సముద్రం నీరు తగ్గేటప్పుడు, నది నీరు బయటికి వేగంగా తోస్తూ ఎదురొచ్చే కెరటాన్ని ఢీకొంటే అలలు ఇంకా నిటారుగా, దగ్గరదగ్గరగా లేస్తాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీటి తోపుడు మరీ ఎక్కువ. పొద్దున మొగ దాటినప్పుడు చెరువులా ఉన్న నీరు మధ్యాహ్నం పాటుకు దారి మూసేయగలదు. పైగా దిబ్బలు వరద వరదకూ జరుగుతాయి, నిరుడు పనికొచ్చిన దారి ఈ ఏడు ఉండదు. అలసిపోయి, ఇంధనం తగ్గి, గాలి లేచాక ఆశ్రయం కోసం మొగలోకి దూరడం కన్నా లోతు నీటిలో ముక్కు అలకు ఎదురుపెట్టి ఆగడమే నయం.

అందుకే నిజాంపట్నం. హార్బర్, ఐసు, వలలు, చేపల వాసన, అంతే. చూడడానికి ఏమీ లేదు, కుటుంబంతో రాత్రి ఉండే చోటూ కాదు. మేం దగ్గర్లోని పట్టణంలో ఒక లాడ్జి తీసుకున్నాం. ట్రైలర్‌కు చోటుందని ఫోన్లో చెప్పినాయన మేం వెళ్లాక గేటు చూపించాడు, ఆటో పట్టడమే కష్టం. బోటు రాత్రంతా పెట్రోల్ బంకులో పడుకుంది. రేవులో మరబోట్లకు డీజిల్ ఇబ్బంది లేదు, మా బోటు వెనక తగిలించే అవుట్‌బోర్డ్ ఇంజన్‌కు కావలసిన పెట్రోల్ మాత్రం క్యాన్లలో మనమే మోసుకెళ్లాలి. పోయేందుకు మూడో వంతు, వచ్చేందుకు మూడో వంతు, ముట్టుకోకుండా మూడో వంతు. ఈ లెక్కలో బేరం లేదు.

మరబోట్లు నడిపే సరంగుగా పనిచేసిన ఒక పెద్దాయన్ని కూలి మాట్లాడుకుని వెంట తెచ్చుకున్నాం. మొత్తం ఖర్చులో బాగా గిట్టుబాటైంది అదే. మొగ దగ్గర ఆయన బోటు ఆపించి బీడీ ముట్టించాడు. మావాడు తొందరపెడితే "ఉండు బాబూ, పెద్దవి పోనీ" అన్నాడు. పెద్ద అలలు గుంపుగా వస్తాయి, తర్వాత కాస్త తెరిపి ఇస్తాయి. పావుగంట చూస్తేగాని ఆ వరస తెలియదు.

వాతావరణానికి సముద్రం తీరు చెప్పే కేంద్ర సంస్థ, హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అంచనాలు చూశాం. అందులో అల ఎత్తు ఒక్కటే చూసి సరిపెట్టుకోకూడదు. అలకూ అలకూ మధ్య ఎన్ని సెకన్లు అన్నది కూడా చూడాలి. మీటరు అలే అయినా ఆరు సెకన్లదైతే బోటు ఎగిరెగిరి నడుము విరుగుతుంది. పద్నాలుగు సెకన్లదైతే లోతులో ఉయ్యాల ఊపినట్టుంటుంది, ఇసుక దిబ్బ మీద మాత్రం అదే చాలా ఎత్తు లేస్తుంది. ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో పుట్టిన పొడవాటి కెరటం ఇక్కడ గాలి లేని రోజున కూడా రావచ్చు. రేవుల్లో ఒకటో నంబరు హెచ్చరిక ఎగిరినా ట్రిప్పు రద్దని ముందే అనుకున్నాం.

కాలం విషయంలో నా మాట ఫిబ్రవరి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుపాన్ల టెన్షన్. 1977 ఉప్పెన నవంబర్ 19న దివిసీమను ముంచింది, మిచాంగ్ 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. అప్పుడు మరబోట్లు రేవులోనే ఉంటాయి కాబట్టి ఇంజన్ ఆగితే తాడు కట్టి లాక్కొచ్చే నాథుడు సముద్రంలో దొరకడు. ఫిబ్రవరిలో తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తాయి, తీరం దగ్గర వేగం తగ్గించాలి.

తెల్లవారాక పోటు మీద బయటపడ్డాం. విరిగే అలలకు బాగా దూరంగా, సూర్యలంక వైపు సాగాం. వలల్ని తేల్చి ఉంచే బెండ్లు కనిపిస్తే చుట్టూ తిరిగి పోవాలి. ప్రొపెల్లర్‌కు తాడు చుట్టుకుంటే కోయడానికి కత్తి చేతికందేలా ఉండాలి. లైఫ్‌జాకెట్ ఒంటి మీదే, సీటు కింద కాదు. 2017లో పవిత్ర సంగమం దగ్గర బోటు తిరగబడి ఇరవై మందికి పైగా పోయిన ఊరి వాళ్లం, ఈ విషయంలో మమ్మల్ని ఎవరూ ఒప్పించనక్కర్లేదు. నడిపేవాడు నీళ్లలో పడితే ఇంజన్ దానంతటదే ఆగేలా స్విచ్ తాడు వాడి చేతికి కట్టాం. సెల్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి వీహెచ్‌ఎఫ్ రేడియో ఆపద పిలుపులకు వాడే 16వ చానల్ మీద పెట్టి ఉంచాం. కోస్ట్ గార్డ్ నంబరు 1554, మెరైన్ పోలీసులది 1093. ఎటు పోతున్నాం, ఎన్నింటికి వస్తాం, రాకపోతే ఎన్నింటికి ఫోన్ చేయాలి అన్నీ రాసి ఒడ్డున ఒకరికి ఇచ్చాం.

వోడరేవు దాకా పోదామని మావాళ్ల సరదా. సూర్యలంక ఎదురుగా రాగానే పెద్దాయన వెనక్కి తిప్పమన్నాడు. పొద్దెక్కేకొద్దీ సముద్రపు గాలి లేస్తుంది. అప్పుడు మొగలోకి వచ్చేటప్పుడు అల వెనక నుంచి తోస్తుంది, దాన్ని దాటి ముందుకు దూకితే ముక్కు నీళ్లలో గుచ్చుకుంటుంది, వెనకబడితే బోటు అడ్డం తిరుగుతుంది. ఒకే అల వీపు మీద దాని వేగంతోనే లోపలికి రావాలి. ఆ రెండు నిమిషాలు ఆయనే నడిపాడు. మావాడు మారు మాట్లాడకుండా పక్కకు జరిగాడు.

ఇదంతా చదివి పిల్లలతో వద్దనిపిస్తే నాగాయలంక చూడండి. శ్రీరామపాదక్షేత్రం ఘాట్ దగ్గర కృష్ణ వెడల్పుగా, నెమ్మదిగా ఉంటుంది, సాయంత్రం బోటు షికారుకు బాగుంటుంది. దిగువన మడ అడవులన్నీ అభయారణ్యం, అటు వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోవాలి.