పెరటి పూల్‌లో మొండి నాచు: మాత్రలు, తుత్తం, లిక్విడ్ క్లోరిన్ అన్నీ ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

అమలాపురం దగ్గర కొబ్బరితోటలో మా ఇల్లు. పెరట్లో ఎనిమిది మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు ఉన్న పూల్ ఉంది. కాంక్రీటు కట్టడం, పైన టైల్స్, సుమారు 40,000 లీటర్ల నీళ్లు, ఒక శాండ్ ఫిల్టర్. కోనసీమలో తోట ఇళ్లకీ హోమ్‌స్టేలకీ ఇలాంటివి కట్టించుకున్నవాళ్లు కలిసినప్పుడల్లా ఒకటే అడుగుతారు: "ఎంత మందు పోసినా నాచు పోవట్లేదండి, ఏం చేయాలి?" నా తీర్పు ముందే చెప్పేస్తాను. మంచి టెస్ట్ కిట్, లిక్విడ్ క్లోరిన్, గట్టి బ్రష్. ఈ మూడూ కాకుండా కొన్న సీసాలేవీ మా పూల్‌కి అక్కరకు రాలేదు.

మన దగ్గర నాచుకి కావలసినవన్నీ ఉన్నాయి. మార్చి దాటితే పూల్ నీళ్లు గోరువెచ్చగా అయిపోతాయి. కొబ్బరి పూత, రాలిన పిందెలు, మట్టల పొట్టు రోజంతా నీళ్లలో పడుతూనే ఉంటాయి. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువ నీళ్లతో నింపితే అందులో ఒండ్రు, చేలల్లోంచి దిగిన ఎరువు కూడా ఉంటాయి. ఎరువులోని ఫాస్ఫేట్ తీసేస్తే నాచు రాదని చెప్పి ఖరీదైన మందు అమ్ముతారు. క్లోరిన్ సరిపడా ఉంటే ఫాస్ఫేట్ ఉన్నా నాచు బతకదు, క్లోరిన్ లేకపోతే ఫాస్ఫేట్ ఎంత తగ్గించినా అది పెరగడానికి దారి వెతుక్కుంటుంది. ఆ డబ్బు క్లోరిన్ మీద పెట్టండి.

ఇక మాత్రల సంగతి. పూల్ కట్టినవాళ్లు అప్పగించేటప్పుడు తెల్లటి పెద్ద మాత్రల డబ్బా ఒకటి ఇచ్చి, తేలే డబ్బాలో వేసి వదిలేయమంటారు. అవి ట్రైక్లోర్ మాత్రలు, మన ఆక్వా షాపుల్లో టీసీసీఏ అంటారు. మొదటి సీజన్ అంతా బ్రహ్మాండంగా పనిచేస్తాయి. నీళ్లు అద్దంలా ఉంటాయి, చేతికి పని ఉండదు. రెండో వేసవికి మూలల్లో పచ్చదనం మొదలవుతుంది. ఇంకో మాత్ర వేస్తాం, పోదు. షాక్ పౌడర్ వేస్తాం, రెండు రోజులు తగ్గి మళ్లీ వస్తుంది. "నాచు మొండిదండి" అని అందరూ అనేది ఈ దశలోనే.

జరిగేదేమిటంటే, మాత్ర కరిగినప్పుడు క్లోరిన్‌తో పాటు సయన్యూరిక్ యాసిడ్ కూడా నీళ్లలోకి వస్తుంది. దీన్నే స్టెబిలైజర్ అంటారు. ఎండకి క్లోరిన్ విరిగిపోకుండా కాపాడేది ఇదే, కాబట్టి కొంత ఉండాలి. కానీ క్లోరిన్ వాడకంలో అయిపోతుంది, స్టెబిలైజర్ మాత్రం ఉండిపోతుంది. నీరు ఆవిరైనా అది పోదు. 200 గ్రాముల మాత్ర ఒకటి మా పూల్‌లో క్లోరిన్‌ని 4.5 పీపీఎం (అంటే లీటరుకి అన్ని మిల్లీగ్రాములు) పెంచితే, స్టెబిలైజర్‌ని దాదాపు 2.7 పెంచుతుంది. రెండు రోజులకో మాత్ర చొప్పున స్టెబిలైజర్ నెలకి 40 పీపీఎం పెరుగుతుంది. మూడు నెలలకే వంద దాటుతుంది. స్టెబిలైజర్ పెరిగేకొద్దీ అది క్లోరిన్‌ని తన దగ్గర పట్టి ఉంచుకుంటుంది, నాచుని చంపే క్లోరిన్ కొంచెమే మిగులుతుంది. నాచు రాకుండా ఉండాలంటే ఫ్రీ క్లోరిన్ (ఇంకా ఖర్చవకుండా నీళ్లలో మిగిలి ఉన్నది) ఎప్పుడూ స్టెబిలైజర్‌లో కనీసం 7.5 శాతం ఉండాలి. స్టెబిలైజర్ 30 ఉంటే రెండు, రెండున్నర పీపీఎంతో గడుస్తుంది. వంద ఉంటే ఏడున్నర కావాలి. డబ్బా మీద "1 నుంచి 3 మధ్య ఉంచండి" అని ఉంటుంది, మనం నమ్మకంగా 2 ఉంచుతాం, నాచు హాయిగా పెరుగుతుంది. మొండితనం నాచుదే అనుకుంటాం గానీ, ఆ నీళ్లలో క్లోరిన్‌కి చేతులు కట్టేసి ఉంటాయి.

ఇది కంటికి కనిపించదు, కిట్‌లోనే తేలుతుంది. అందుకే నా జాబితాలో మొదటి మార్కులు కిట్‌కే. చుక్కలు వేస్తే పసుపు రంగు వచ్చే చౌక కిట్ ఉంటుంది కదా, అది మొత్తం క్లోరిన్‌ని చూపిస్తుందే తప్ప అందులో పనిచేసేది ఎంతో విడిగా చెప్పదు. గులాబీ రంగు వచ్చేది కొంచెం నయం. అయితే క్లోరిన్ మరీ ఎక్కువగా ఉన్నప్పుడు ఆ గులాబీ రంగే విరిగిపోయి నీళ్లు రంగు లేకుండా కనిపిస్తాయి. చూసినవాళ్లు సున్నా అనుకుని ఇంకా పోస్తారు. నేను వాడేది పొడి, చుక్కలు కలిపి చేసేది. 10 మిల్లీలీటర్ల నీళ్లలో చిన్న చెంచాడు పొడి వేస్తే ముదురు గులాబీ అవుతుంది. తర్వాత చుక్క చుక్కగా రెండో మందు వేస్తూ గొట్టం తిప్పుతుంటే రంగు పలచబడుతూ ఒక్క చుక్కతో చప్పున మాయమవుతుంది. చుక్కకి అర పీపీఎం. 8 చుక్కలు పడితే 4 పీపీఎం, అంతే, అనుమానానికి తావు లేదు. స్టెబిలైజర్ పరీక్షకి ఇంకో గొట్టం ఉంటుంది. పూల్ నీళ్లు, మందు సమానంగా కలిపి అందులో పోస్తూ పైనుంచి చూస్తే అడుగున ఉన్న నల్లచుక్క తెల్లటి మసకలో కనుమరుగవుతుంది. అక్కడున్న గీతే లెక్క. ఈ కిట్ ధర మాత్రల డబ్బా కన్నా ఎక్కువే. రీఏజెంట్లు వేసవిలో పాడవకుండా నీడలో, చల్లగా ఉంచాలి. అయినా నాకు మారుమాట లేదు, పూల్ ఉన్న ప్రతి ఇంట్లో ఇది ఉండాల్సిందే.

స్టెబిలైజర్ తగ్గించడానికి నమ్మకంగా పనిచేసే మందు లేదు, నీళ్లు మార్చడమే. ఇక్కడ డెల్టావాళ్లకి ఒక గట్టి హెచ్చరిక. వానాకాలంలో పూల్ మొత్తం ఖాళీ చేయించకండి. మన నేలలో నీటిమట్టం చాలా పైనే ఉంటుంది. లోపలి బరువు పోగానే కింది నీటి ఒత్తిడికి పూల్ పైకి లేవొచ్చు, నేల బీటలివ్వొచ్చు. అప్పుడు నాచు బెడద చిన్నదైపోతుంది. వేసవిలో, మూడో వంతు చొప్పున మార్చుకోవాలి. వంద ఉన్నది ఒకసారికి 67, ఇంకోసారికి 44, మూడోసారికి 30 అవుతుంది. తోడిన నీళ్లు కాలువలోకో పక్కవాళ్ల చేపల చెరువులోకో వదలకూడదు. రెండు మూడు రోజులు క్లోరిన్ వేయకుండా ఎండకి వదిలి, కిట్‌లో సున్నా చూసుకున్నాక కొబ్బరి చెట్ల పాదులకి పెట్టేయొచ్చు. మేమైతే అదే చేస్తాం.

ఇక అసలు నాచు తీయడం. లిక్విడ్ క్లోరిన్ అంటే సోడియం హైపోక్లోరైట్, పది శాతం ఉన్నది క్యాన్లలో దొరుకుతుంది. మా పూల్‌కి 400 మిల్లీలీటర్లు పోస్తే 1 పీపీఎం పెరుగుతుంది. నాచుని చంపే మోతాదు స్టెబిలైజర్‌లో 40 శాతం, స్టెబిలైజర్ 30 దగ్గర ఉంటే 12 పీపీఎం. సుమారు 5 లీటర్లు. వంద దగ్గర అయితే 40 పీపీఎం కావాలి, 16 లీటర్లు, అదీ పదే పదే. నీళ్లు మార్చాకే పని మొదలుపెట్టమనేది ఇందుకే.

ముందు యాసిడ్‌తో పీహెచ్ 7.2కి దించాలి. క్లోరిన్ బాగా పెరిగాక పీహెచ్ రంగు సరిగ్గా చూపించదు, కాబట్టి ఇది ముందే జరిగిపోవాలి. యాసిడ్, క్లోరిన్ ఒకేసారి ఒకేచోట పోయకూడదు, విషవాయువు వస్తుంది. సాయంత్రం ఎండ దిగాక క్లోరిన్ పోసి, మోటారు ఆపకుండా నడిపి, గోడలు, మెట్లు, టైల్స్ సందులు అన్నీ బ్రష్‌తో రుద్దాలి. రుద్దితేనే పైన ఉన్న జిగట పొర విడిపోయి క్లోరిన్ లోపలికి దిగుతుంది. కొన్ని గంటలకోసారి కిట్‌లో చూసి, తగ్గినంతా మళ్లీ పోయాలి. చాలామంది ఒక్కసారి పోసి పొద్దున్నే చూద్దాంలే అని పడుకుంటారు. రాత్రి సగంలోనే క్లోరిన్ అయిపోయి, మిగిలిన నాచు తెల్లారేసరికి మళ్లీ పుంజుకుంటుంది. మోతాదు కన్నా దాన్ని పడిపోకుండా నిలబెట్టడం ముఖ్యం.

పచ్చ రంగు పాలిపోయి, బూడిద రంగులోకి మారి, తర్వాత నీళ్లు తెల్లగా మసకబారతాయి. ఆ మసక చచ్చిన నాచే. దాన్ని ఫిల్టర్ మెల్లగా లాగుతుంది. ఫిల్టర్ గేజ్‌లో ప్రెషర్ శుభ్రంగా ఉన్నప్పటి కన్నా 8 నుంచి 10 పీఎస్ఐ పెరిగితే బ్యాక్‌వాష్ చేయాలి, అంటే నీళ్లు వెనక్కి తిప్పి ఇసుక కడగాలి. ఈ రోజుల్లో అది తరచుగా పడుతుంది. అయిపోయిందని ఎలా తెలుస్తుంది? నీళ్లు తేటగా ఉండాలి, పొద్దుగూకాక చూసిన క్లోరిన్ తెల్లవారుజామున చూస్తే 1 పీపీఎంకి మించి తగ్గకూడదు, మలినాలతో కలిసి బలం పోయిన క్లోరిన్ (కంబైన్డ్ క్లోరిన్) అర పీపీఎంకి మించకూడదు. ఈ మూడూ కుదిరితేనే ఆపాలి. నీళ్లు తేటపడ్డాయి కదా అని అక్కడితో ఆపేసినవాళ్లకే నాచు తిరిగొస్తుంది.

అన్నీ చేసినా తిరిగొచ్చే రకం ఒకటుంది. నీడపడే గోడ మీద, మెట్ల కింద పసుపు పొడి జల్లినట్టు ఉంటుంది. బ్రష్ తగలగానే పొగలా లేచిపోతుంది, మర్నాటికి అక్కడే ఉంటుంది. మా తోట చూసే బాబాయ్ విసుగెత్తి, "నిన్ననే కదండి రుద్దాం, మళ్లీ వచ్చేసిందండి బాబూ" అనేవాడు. అది దాక్కునే చోటు పూల్ లైటు వెనక ఉంది. మెయిన్ ఆపేసి, లైటు పైనున్న ఒక్క స్క్రూ విప్పి, వైరుతో సహా బయటికి లాగితే వెనక గూట్లో వేలి మందం జిగట కనిపించింది. అక్కడ నీళ్లు తిరగవు, బ్రష్ వెళ్లదు. నిచ్చెన కాళ్ల రబ్బరు టోపీల లోపల, పైన తేలే చెత్తని లాగే స్కిమ్మర్ మూత అడుగున కూడా అదే. అవన్నీ తీసి రుద్ది, బ్రష్‌నీ పిల్లల ట్యూబుల్నీ కూడా నీళ్లలోనే ఉంచి, నీళ్లు తేటపడ్డాక ఒక రోజంతా క్లోరిన్‌ని స్టెబిలైజర్‌లో 60 శాతానికి పెంచి ఉంచాం. ఆ పసుపు మళ్లీ కనిపించలేదు. ఇంత పెంచినప్పుడు, తిరిగి మామూలు స్థాయికి దిగేదాకా పిల్లల్ని దింపకూడదు.

నల్ల మచ్చలు వేరు. టైల్స్ మధ్య సిమెంటు సందుల్లో లోపలికి పాతుకుంటాయి, పైన గట్టి పొర ఉంటుంది. సందుల్లో చిన్న స్టీలు బ్రష్‌తో గీకి పొర పగలగొట్టాకే క్లోరిన్ పనిచేస్తుంది. టైల్ మీద మాత్రం నైలాన్ బ్రష్షే వాడాలి, స్టీలుతో గీతలు పడతాయి.

మిగతావాటి గురించి క్లుప్తంగా. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) నాచుని చంపుతుంది, అందులో సందేహం లేదు. కాని రాగి నీళ్లలోనే ఉండిపోయి తెల్ల టైల్ మీద మరకలు వేస్తుంది, జుట్టుకి పచ్చ రంగు వచ్చేది కూడా రాగి వల్లే. నేను మళ్లీ వాడను. రొయ్యల చెరువులకి వాడే బీకేసీ (బెంజాల్కోనియం క్లోరైడ్) చౌకగా దొరుకుతుంది గానీ పూల్‌లో నురుగు పట్టి, ఉన్న క్లోరిన్‌ని కూడా తినేస్తుంది. నురుగు రాని పాలీక్వాట్ రకం నాచుమందు కొంత మేలు, అయితే అది నాచు రాకముందు వేసేది, వచ్చాక కాదు. మామూలు బ్లీచింగ్ పౌడర్‌లో క్లోరిన్ మూడో వంతే ఉంటుంది, మిగతా సున్నం అడుగున పేరుకుంటుంది. అత్యవసరానికి బకెట్‌లో కలిపి, తేరాక పై నీళ్లే పోయవచ్చు. కానీ బ్లీచింగ్‌నీ ట్రైక్లోర్‌నీ ఎప్పుడూ కలపకండి, ఒకే చెంచా కూడా వాడకండి. రెండూ కలిస్తే మంట లేస్తుంది, పేలుతుంది కూడా.

వేసవిలో కాలువలు కట్టేశాక మేం బోరు నీళ్లతో నింపుతాం. మా బోరులో ఇనుము ఉంది. క్లోరిన్ పడగానే నీళ్లు టీ రంగుకి తిరుగుతాయి, మెట్ల మీద గోధుమ రంగు మరకలు పడతాయి. అది నాచనుకుని ఇంకా క్లోరిన్ పోస్తే మరక ఇంకా ముదురుతుంది. మరక మీద విటమిన్ సి మాత్ర పెట్టి కాసేపు రుద్దితే పాలిపోయిందంటే అది ఇనుమే. క్లోరిన్‌కి పాలిపోతే నాచు లేదా ఆకు మరక.

లిక్విడ్ క్లోరిన్‌లో లోపాలూ ఉన్నాయి. రోజూ పోయాలి, మా పూల్‌కి వేసవిలో రోజుకి లీటరు పైనే పడుతుంది. క్యాన్ మోయడం బరువు, బట్ట మీద పడితే రంగు పోతుంది. వేడికి బలం తగ్గిపోతుంది కాబట్టి నెలలకి సరిపడా తెచ్చి షెడ్డులో పెట్టుకోవడం కుదరదు. కొత్త క్యాన్ తెచ్చినప్పుడు లెక్క ప్రకారం పోసి, అరగంటయ్యాక కిట్‌లో చూస్తే దాని బలం ఎంతో తెలిసిపోతుంది. తుఫాను వస్తోందంటే కరెంటు పోయేలోపే క్లోరిన్ పెంచి ఉంచుతాం, మోటారు ఆగినా రోజుకోసారి బ్రష్‌తో నీళ్లు కలుపుతాం.

హైదరాబాద్‌లో ఉంటూ నెలకోసారి తోటకి వచ్చేవాళ్లకి రోజూ పోయడం కుదరదు. వాళ్లు లేనప్పుడు మాత్రలే వాడుకోవచ్చు, ఇంట్లో ఉన్న రోజుల్లో మాత్రం తేలే డబ్బా తీసి పక్కన పెట్టి లిక్విడ్ పోయాలి. వచ్చినప్పుడల్లా స్టెబిలైజర్ చూసుకోవాలి. అది 50 దాటిందంటే మాత్రలు ఆపి, వేసవిలో మూడో వంతు నీళ్లు మార్చేయాలి. తోట చూసేవాళ్లకి పొడి, చుక్కల పరీక్ష ఒక్క పూటలో నేర్పొచ్చు. మా బాబాయ్ ఇప్పుడు చుక్కలు లెక్కపెట్టి, ఎన్ని లీటర్లు పోశాడో రోజూ ఫోన్‌లో ఫొటో పెడతాడు.