కొచ్చి వాటర్ మెట్రో: బోటు కంటే జెట్టీకే ఎక్కువ మార్కులు

కొచ్చి వెళ్లొచ్చినవాళ్లంతా వాటర్ మెట్రో (నగరానికీ చుట్టూ ఉన్న దీవులకీ మధ్య తిరిగే బోటు సర్వీసు) అనగానే ఏసీ బోటు, పెద్ద పెద్ద అద్దాలు, చప్పుడు లేని కరెంటు మోటారు గురించే చెబుతున్నారు. అవన్నీ నిజమే, బోటు చాలా బాగుంది. కానీ నన్ను మార్కులు వేయమంటే ముందు జెట్టీకి వేస్తాను. గోదావరి పక్కన పెరిగినవాళ్లకి ఈ మాట వెంటనే అర్థమవుతుంది, ఎందుకంటే ఏరు దాటడంలో అసలు కష్టం నీళ్ల మీద ఉండదు, ఎక్కేచోట, దిగేచోట ఉంటుంది.

ఈ సర్వీసు 2023 ఏప్రిల్ 25న మొదలైంది. ముందు కేరళ హైకోర్టు దగ్గరి జెట్టీ నుంచి వైపిన్, వైట్టిల నుంచి కాక్కనాడ్, ఆ తర్వాతి ఏడాది ముళవుకాడ్, చేరానల్లూర్, ఫోర్ట్ కొచ్చి వైపు కూడా వచ్చింది. బోట్లు అక్కడి కొచ్చిన్ షిప్‌యార్డులోనే కట్టారు, ఒక్కోదాంట్లో 100 మంది పడతారు, సగం మందికి సీట్లు, మిగతావాళ్లు నిలబడాలి.

ఇక జెట్టీ సంగతి. బోటు వచ్చి ఆగే వేదిక నేలకి బిగించినది కాదు, నీళ్లలో తేలుతూ ఉంటుంది. టెర్మినల్ నుంచి దాని మీదకి రెయిలింగ్ ఉన్న వెడల్పాటి నడకదారి వేశారు. పోటుకి నీళ్లు పెరిగితే వేదిక పైకి లేస్తుంది, పాటుకి కిందికి దిగుతుంది, బోటూ అలాగే లేచి దిగుతుంది కాబట్టి రెండూ ఎప్పుడూ ఇంచుమించు ఒకే ఎత్తులో ఉంటాయి. మారేదల్లా నడకదారి వాలు ఒక్కటే. అందుకని చక్రాల కుర్చీని ఎవరూ ఎత్తాల్సిన పని లేకుండా నేరుగా బోటులోకి తోసుకెళ్లొచ్చు. మా అమ్మకి మోకాళ్ల నొప్పులు, పడవ అంటేనే టెన్షన్ పడే మనిషి, ఇక్కడ మాత్రం ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లినట్టు వెళ్లి కిటికీ పక్కన కూర్చుంది. ఎంత ఖరీదైన బోటు కొన్నా, ఎక్కడానికి చెక్క మీద బ్యాలెన్స్ చేసుకుంటూ నడవాల్సి వస్తే ముసలివాళ్లకీ, గర్భిణులకీ, జబ్బు మనుషులకీ ఆ బోటు ఉన్నా లేనట్టే.

రెండో మంచి విషయం గేటు. టికెట్ స్కాన్ చేసి లోపలికి వెళ్లాలి, ఎంతమంది వెళ్లారో యంత్రం లెక్కపెడుతుంది, బోటుకి సరిపడా జనం అయ్యాక మిగిలినవాళ్లు తర్వాతి బోటు దాకా ఆగాల్సిందే. ఆలస్యమైనా నాకు ఇదే నచ్చింది. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పుడు అందులో ఎందరున్నారన్న లెక్కే మొదట్లో ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పారు. కేరళలోనే, ఈ వాటర్ మెట్రో మొదలైన రెండు వారాలకే, తానూరులో ఒక టూరిస్టు బోటు తిరగబడి 22 మంది చనిపోయారు. లెక్క ఒడ్డు మీదే తేలిపోవాలి, బోటు కదిలాక తేల్చడం ఎవరి వల్లా కాదు.

టికెట్ 20 రూపాయల నుంచి 40 దాకా ఉంది. టూరిస్టుకి ఇది పెద్ద లెక్క కాదు, రోజూ పనికెళ్లే దీవి మనిషికి మాత్రం భారమే, పక్కనే నడిచే ప్రభుత్వ పాత బోట్లలో టికెట్ దీనికంటే చాలా తక్కువ. నెల పాసు తీసుకుంటే కొంత నయం. సెలవు రోజుల్లో ఫోర్ట్ కొచ్చి వెళ్లే జనంతో హైకోర్టు జెట్టీ నిండిపోతుంది, అప్పుడు పాసు ఉన్న స్థానికులకి వేరే లైను ఇస్తే బాగుంటుంది. ఇంకో పెద్ద లోటు, మొత్తం 38 టెర్మినళ్లు, 78 బోట్లు అని ప్లాన్ వేసుకున్నారు, ఇప్పటికి అయినవి అందులో సగం కూడా లేవు. పడవ తప్ప దారి లేని చిన్న చిన్న దీవులే ఇంకా ఎదురుచూస్తున్నాయి. వాటికి ముందు ఇవ్వాల్సింది.

అక్కడ బండ్లని దాటించే జంకార్‌ని చూస్తే మన పంటు గుర్తొస్తుంది. మన నర్సాపురం, సఖినేటిపల్లి మధ్య వశిష్ఠ గోదావరిని జనం, బైకులు పంటు మీదే దాటతాయి, లేదంటే చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్లాలి. అంతర్వేది తీర్థం రోజుల్లో ఆ రేవులో ఎంత జనం ఉంటారో ఆ వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. ఇక్కడ వంతెన కావాలని ఏళ్ల తరబడి అడుగుతున్నారు, రావాలి కూడా. కానీ వంతెన వచ్చేదాకా రేవుని ఇలాగే ఉంచాలని ఎక్కడా లేదు కదా.

కొచ్చి డిజైన్‌ని ఉన్నదున్నట్టు తెచ్చి పెడితే మాత్రం పనిచేయదు. అక్కడిది సముద్రంతో కలిసిన ఉప్పునీటి బ్యాక్‌వాటర్, పోటుకీ పాటుకీ మధ్య తేడా దాదాపు మీటరే. మనకి ఆ పోటూ పాటూ కాక జులై, ఆగస్టుల్లో వరద, ఆ వడికి కొట్టుకొచ్చే మానులు, ఒండ్రు. కాబట్టి తేలే వేదికని పట్టి ఉంచే స్తంభాలు బాగా ఎత్తుగా ఉండాలి, నడకదారి ఇంకా పొడుగ్గా ఉండాలి, వరద హెచ్చరిక రాగానే వేదికని విప్పి పక్కకి లాగి కట్టేసుకునే ఏర్పాటు ఉండాలి. బైకులకి వేరే ర్యాంపు, మనుషులకి వేరే దారి. ఏసీ అక్కర్లేదు, అద్దాలు అక్కర్లేదు. రేవులు వేలం పాటకి ఇచ్చేటప్పుడు తలల లెక్క పెట్టే గేటు, లైఫ్ జాకెట్లు, నీడ, మరుగుదొడ్డి, రాత్రి దీపాలు షరతుల్లో రాయించినా సగం పని అయిపోతుంది.

బోటుకి అయిదుకి నాలుగు, జెట్టీకి అయిదుకి అయిదు. కొచ్చి వెళ్తే హైకోర్టు నుంచి వైపిన్ టికెట్ తీసుకోండి, 20 రూపాయలే, ఇంట్లో పెద్దవాళ్లని కూడా ధైర్యంగా తీసుకెళ్లండి.