కార్చిచ్చులో ఫోన్లు మూగబోతే సాయానికి ఏది మేలు?

2023 ఆగస్టులో కెనడా వాయవ్య ప్రాంతంలో కార్చిచ్చు ఫైబర్ కేబుల్‌ను కాల్చేసింది. హే రివర్, ఫోర్ట్ స్మిత్ లాంటి ఊళ్లలో ఫోన్లు, ఇంటర్నెట్ పోయాయి. అదీ జనం ఊరు ఖాళీ చేస్తున్న రోజుల్లోనే. అడవుల మధ్య ఊళ్లకు చాలాచోట్ల ఒకటే కేబుల్, ఒకటే రోడ్డు. టవర్ నిలబడే ఉన్నా, దాని వెనక లైన్ కాలిపోతే ఫోన్ వట్టి టార్చిలైటే.

ముందు జేబులో ఉన్నదాని సంగతి చూద్దాం. ఐఫోన్ 14, ఆ తర్వాతి మోడళ్లలో శాటిలైట్ ద్వారా ఎస్‌ఓఎస్ (ఆపద) మెసేజ్ పంపొచ్చు. విడిగా ఏమీ కొనక్కర్లేదు. కానీ అన్ని దేశాల్లో లేదు, పైగా 62 డిగ్రీల అక్షాంశం దాటితే పనిచేయకపోవచ్చని ఆపిల్ సంస్థే చెబుతోంది. అదే 2023 మంటలప్పుడు దాదాపు 20,000 మందిని ఖాళీ చేయించిన ఎల్లోనైఫ్ ఆ గీతకు కాస్త పైనే ఉంది. ఉంటే మంచిదే, దాని మీదే ఆధారపడితే మాత్రం కష్టం.

అసలు పోటీ పర్సనల్ లొకేటర్ బీకన్‌కీ (ఆపదలో మనం ఉన్న చోటు తెలిపే చిన్న పరికరం), శాటిలైట్ మెసెంజర్‌కీ (టవర్ లేకున్నా ఉపగ్రహం ద్వారా మెసేజ్‌లు పంపి, అందుకునే పరికరం) మధ్య. బీకన్‌కి నెలనెలా చందా లేదు. మీట నొక్కితే 406 మెగాహెర్ట్జ్‌లో కనీసం 24 గంటలు సంకేతం పంపుతూనే ఉంటుంది. బ్యాటరీ ఏళ్ల తరబడి చెక్కుచెదరదు. పడవ మునిగినా, కొండ మీద కాలు విరిగినా నేను దీన్నే నమ్ముతాను. కార్చిచ్చులో మాత్రం నమ్మను. ఎందుకంటే అది 'ఆపదలో ఉన్నాను, ఇక్కడున్నాను' అని తప్ప ఇంకేమీ చెప్పలేదు. తూర్పు రోడ్డు మూసుకుపోయింది, ఇంట్లో నలుగురం, ఒకరికి ఊపిరాడటం లేదు, చెరువు వైపు వెళ్తున్నాం... ఇవన్నీ అవతలివాళ్లకు తెలియాలి. 'అటు వెళ్లొద్దు, మంట తిరిగింది' అన్న జవాబు మనకూ అందాలి. మెసెంజర్‌లో ఇదంతా కుదురుతుంది. ఇరిడియం ఉపగ్రహాలతో నడిచేది తీసుకుంటే ధ్రువాల దగ్గరా అందుతుంది. చందా కట్టాలి, ఛార్జింగ్ చూసుకోవాలి, దట్టమైన చెట్ల కింద నుంచి బయటికి రావాలి. అయినా నా ఓటు దీనికే.

శాటిలైట్ ఫోన్‌లో నేరుగా మాట్లాడొచ్చు, కాకపోతే ఖరీదు ఎక్కువ. ఒక్కో ఇంటికి కాదు, ఊరికొకటి చాలు. స్టార్‌లింక్, అంటే డిష్ పెట్టుకుని వాడే శాటిలైట్ ఇంటర్నెట్, కూడా అంతే. ఒకచోట చేరిన ఊరివాళ్లకు వైఫై ఇవ్వగలదు, కానీ కరెంటు కావాలి. మంటలొచ్చినప్పుడు ముందు పోయేది కరెంటే కాబట్టి జనరేటరో, బ్యాటరీయో లేకపోతే అది వట్టి పళ్లెం. చేతి రేడియోలు ఊళ్లో ఒకరినొకరు పిలుచుకోవడానికి బాగుంటాయి. దూరం వెళ్లాలంటే కొండ మీద రిపీటర్ (సంకేతాన్ని అందుకుని ముందుకు పంపే యంత్రం) కావాలి, ఆ కొండా అంటుకోవచ్చు.

వీటన్నిటికంటే ముందు ప్రయత్నించాల్సింది ఒకటుంది: స్థానిక పోలీసు స్టేషన్ ల్యాండ్‌లైన్ నంబరు. అత్యవసర కాల్ సెంటర్ చాలాసార్లు ఎక్కడో దూర నగరంలో ఉంటుంది, కేబుల్ తెగితే అక్కడికి కాల్ వెళ్లదు. ఊళ్లో టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ బతికుంటే లోకల్ కాల్ మాత్రం వెళ్లే అవకాశం ఉంది. అదీ మోగకపోతే, దారి క్షేమంగా ఉన్నంతవరకు ఫైర్ స్టేషన్‌కి మనిషి నేరుగా వెళ్లి చెప్పడమే వేగం.

మెసెంజర్ కొనబోయేవాళ్లు పట్టించుకోని చిక్కు ఒకటుంది. మీ ఎస్‌ఓఎస్ వెళ్లేది ఎక్కడో ఉన్న పర్యవేక్షణ కేంద్రానికి. అది తిరిగి మీ ఊరి పోలీసులకో, ఫైర్ వాళ్లకో కబురు పంపాలి. వాళ్ల ఫోన్లూ మీ ఫోన్ల లాగే చచ్చిపడి ఉంటే? అందుకే కొనేముందు ఫైర్ స్టేషన్‌కి వెళ్లి, మీ దగ్గర శాటిలైట్ ఫోన్ ఉందా అని అడగండి. వాళ్లు లేదని చెబితే, ఊరంతా కలిసి ముందు కొనాల్సింది అదే.