సినిమాకి మాటలొచ్చాక బస్టర్ కీటన్: రెండు డీవీడీ సెట్లు, ఏది కొనాలి?

మూకీల రోజుల్లో పేరుమోసిన అమెరికా హాస్యనటుడు కీటన్, కొలంబియా సినిమా కంపెనీకి 1939 నుంచి 1941 దాకా చేసిన పది రెండు రీళ్ల పొట్టి కామెడీలు 2006లో అమెరికాలో రెండు డీవీడీల సెట్టుగా వచ్చాయి. తెప్పించుకునే ముందు ఒక చిక్కు. అది రీజియన్ 1 సెట్టు, అంటే అమెరికా వైపు అమ్మే ప్లేయర్లలోనే ఆడేలా తాళం వేసింది. మన విజయవాడ బీసెంట్ రోడ్డులో కొన్న మామూలు ప్లేయరు మన దేశానికి కేటాయించిన రీజియన్ 5ది, దాన్ని ఒప్పుకోదు. డిస్కు పాడైందనుకుని గుడ్డపెట్టి తుడుస్తూ కూర్చోకండి. కంప్యూటర్ డ్రైవులో రీజియన్ మార్చుకోవచ్చు గానీ ఐదుసార్లే, ఐదోసారి పెట్టిందే ఖాయం. అందుకని పాత డ్రైవు ఒకటి దీనికే వదిలేసి, కంప్యూటర్‌ని హెచ్‌డీఎంఐ తీగతో టీవీకి కలుపుకోవడం మేలు.

ఇక సరుకు సంగతి. ఒక్కోటి పావుగంట పైచిలుకు. పదీ వరసగా చూస్తే తలనొప్పి ఖాయం. ఎనిమిదింటికి దర్శకుడు జూల్స్ వైట్, ఆయనకు నిదానం పడదు. దెబ్బ, చప్పుడు, మళ్లీ దెబ్బ. కీటన్ నవ్వించేది పడ్డప్పుడు కాదు, పడబోతున్నానని తెలిసీ మొహం చిట్లించకుండా నిలబడ్డ ఆ అరక్షణంలో. వైట్ కోసి పారేసేది సరిగ్గా దాన్నే. డెల్ లార్డ్ తీసిన మొదటిది, ‘పెస్ట్ ఫ్రమ్ ద వెస్ట్’, కాస్త ఊపిరాడనిస్తుంది.

వైట్ తీసినవాటిలో వదలకూడనిది ‘నథింగ్ బట్ ప్లెజర్’ (1940). తాగి ఒళ్లు తెలియని ఆవిడను మంచమెక్కించాలి. ఎత్తితే తడిబట్టలా జారుతుంది, ఒకచోట నిలబెట్టబోతే ఇంకోచోట వేలాడుతుంది. 1929 నాటి మూకీ ‘స్పైట్ మ్యారేజ్’లోని ఘట్టమే ఇది. తర్వాత 1947లో పారిస్ మెడ్రానో సర్కస్‌లో కీటన్ తన భార్య ఎలినార్‌తో కలిసి ఇదే ఆడాడు.

డబ్బు ఒక్క సెట్టుకే ఉంటే మాత్రం 2010లో వచ్చిన ‘లాస్ట్ కీటన్’ తీసుకోండి. కొలంబియాకి ముందు, 1934–37 మధ్య ఎడ్యుకేషనల్ కంపెనీకి చేసిన పదహారూ అందులో ఉన్నాయి. పేరు చూసి పాఠాలనుకునేరు, అవీ కామెడీలే. చవకగా తీశారని గోడలు చూస్తేనే తెలుస్తుంది. అయినా ‘గ్రాండ్ స్లామ్ ఒపేరా’ (1936) ఒక్కటి చాలు. కథ రాయడంలో కీటన్ చెయ్యి ఉంది, ఆ నిదానమూ ఉంది. హోటల్ గదిలో సామాన్లెక్కి డాన్సు చేస్తుంటే కింది గదిలో అమ్మాయికి నిద్ర కరువు: ఇక్కడ చప్పుడే కథ నడుపుతుంది. పైగా ఆయన వచ్చింది రేడియో పోటీకి, చేసేదేమో వస్తువులు ఎగరేసి పట్టుకునే గారడీ. వినేవాళ్లకి ఏం కనపడుతుంది?