పికప్ ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్: ఏళ్ల తరబడి వాడాక ఫ్యూజు సంగతి

ఆయిల్ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ స్టీరింగ్‌తో పోలిస్తే, మోటారు సాయంతో తిరిగే ఈ ఎలక్ట్రిక్ స్టీరింగ్‌కి చాకిరీ తక్కువ. ఆయిల్ కారదు, బెల్టు అరవదు. ఇన్నేళ్ల వాడకం తర్వాత మిగిలిన ఫిర్యాదు ఒక్కటే: మెయిన్ ఫ్యూజు పోయిందని కనిపెట్టడం కష్టం. మార్చడానికి పావుగంట చాలు.

ఫ్యూజు పోతే స్టీరింగ్ బరువెక్కి అలాగే ఉండిపోతుంది, మీటర్లో స్టీరింగ్ బొమ్మ లైటు వెలుగుతూనే ఉంటుంది. బండి తిరుగుతుంది, బలం పెట్టాలంతే. కాసేపాగితే మళ్లీ తేలికైపోతోందా? అయితే అది ఫ్యూజు కాదు. నిలబెట్టిన బండిలో స్టీరింగ్ అదేపనిగా తిప్పితే మోటారు వేడెక్కుతుంది, మోటారుని నడిపే ఎలక్ట్రానిక్ కంట్రోలర్ సాయం తగ్గిస్తుంది. బ్యాటరీ నీరసించినా ఇదే తంతు.

చాలా మోడళ్లలో దీనికి రెండు ఫ్యూజులు. ఒకటి ఇగ్నిషన్ లైనుది, 5 నుంచి 10 ఆంపియర్ల చిన్న బ్లేడ్ ఫ్యూజు. రెండోది మోటారుది, పైన చెప్పిన మెయిన్ ఫ్యూజు ఇదే, మోడల్‌ని బట్టి 60 నుంచి 125 ఆంపియర్ల దాకా ఉంటుంది. ఇది బోనెట్ కింద బాక్సులోనో, బ్యాటరీ ప్లస్ టెర్మినల్ మీదో నట్లతో బిగించి ఉంటుంది. చిన్నది పీకి చూసి, బాగానే ఉందని మూత వేసేసేవాళ్లే ఎక్కువ. ఆ తర్వాత స్టీరింగ్ ర్యాకే (ముందు చక్రాలను తిప్పే భాగం) మార్చాలన్న మాట వినాల్సి వస్తుంది.

కంటితో చూసి నమ్మొద్దు, సన్నటి పగులు కనిపించదు. ఇగ్నిషన్ ఆన్ చేసి, మల్టీమీటర్ 20 వోల్టుల డీసీలో పెట్టి, నల్ల ప్రోబు బ్యాటరీ మైనస్‌కి ఆనించి, ఎర్రదాన్ని ఫ్యూజు రెండు చివర్లా తాకించాలి. రెండువైపులా 12 వోల్టులు వస్తే ఫ్యూజు మంచిదే. ఒకవైపే వస్తే పోయినట్టే.

మార్చేముందు ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ మైనస్ తీసేయాలి. ఇది మరిస్తే స్పానర్ బాడీకి తగిలి నిప్పులు రేగుతాయి. కొత్తది ఆంపియర్లలోనే కాదు, సైజులోనూ సరిపోవాలి: బోల్టుతో బిగించే ఫ్యూజుల్లో మిడి (MIDI) అనే చిన్న రకానికి బోల్టు రంధ్రాల మధ్య 30 మిల్లీమీటర్లు, మెగా (MEGA) అనే పెద్ద రకానికి 51. రెండింట్లోనూ 100 ఆంపియర్లవి దొరుకుతాయి, అక్కడే పొరపాటు పడతారు. ఫ్యూజు రేకు బస్‌బార్‌కి (కరెంటు మోసే లోహపు పట్టీకి) నేరుగా ఆనాలి, మధ్యలో వాషర్ ఇరుక్కోకూడదు. నట్టు వదులైతే ఆ చోట వేడి పుట్టి ప్లాస్టిక్ కరుగుతుంది. మరీ బిగిస్తే నట్టు ఎక్కే స్టడ్ ఊడి వస్తుంది. మాన్యువల్ చెప్పిన టార్కే (బిగింపు బలం) పెట్టాలి. బ్యాటరీ కలిపాక ఇంజన్ స్టార్ట్ చేసి, స్టీరింగ్‌ని ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పి, కొంచెం నేరుగా నడిపితే చాలా బండ్లలో లైటు ఆరుతుంది. కొన్నింటికి స్కానర్‌తో స్టీరింగ్ కోణం చెప్పే సెన్సర్ సెట్ చేయాలి.

కొత్తది వేయగానే మళ్లీ పోతే పెద్ద ఆంపియర్లది పెట్టడం ఆత్మహత్యే, ఈసారి కాలేది వైరు. బ్యాటరీ తీసి, ర్యాక్ దగ్గర పెద్ద కనెక్టర్ విప్పి, ఫ్యూజు నుంచి వచ్చే వైరుకీ చాసిస్‌కీ మధ్య ఓమ్స్ కొలవాలి. సున్నాకి దగ్గరగా వస్తే ఆ వైరు ఎక్కడో రాపిడికి పై తొడుగు ఊడి చాసిస్‌కి తగులుతోంది. అలా రాకపోతే కనెక్టర్ లోపల చూడాలి. పచ్చగా చిలుము పట్టి ఉంటే నీళ్లు దిగాయి. అదీ శుభ్రంగా ఉంటే మిగిలింది మోటారు, కంట్రోలరే.