పదకొండేళ్లయినా ఆ పాస్తా పలుకు మీదే ఉంది

స్కాలర్‌షిప్ పడ్డ రోజు నలుగురం రెండు ప్లేట్లు చెప్పుకుని పంచుకున్న ఇటాలియన్ రెస్టారెంట్ అది. 2014 నుంచి ఎన్నిసార్లు తిన్నానో లెక్కలేదు. ఉద్యోగానికి హైదరాబాద్ పోయాక తగ్గింది, మధ్యలో రెండేళ్లు అసలే కుదరలేదు. 2025లో ఒక ఆదివారం అమ్మను తీసుకుని మళ్లీ వెళ్లాను. హనుమకొండలో ఒక అపార్ట్‌మెంట్ కింద, పది టేబుళ్ల చోటు. పేరు రాయను. పిజ్జా మీద నా బాధ కూడా ఇందులో ఉంది, వాళ్లను దెబ్బతీయడం నా ఉద్దేశం కాదు.

నేను వెళ్లేదే ఆలియో ఎ ఓలియో కోసం. వెల్లుల్లి, ఆలివ్ నూనె, ఎండుమిర్చి, స్పగెట్టి, పైన కాస్త పార్స్లీ ఆకు. తప్పు కప్పిపుచ్చే సాస్ ఉండదు కాబట్టి వంటాయన చెయ్యి ఇందులోనే తెలిసిపోతుంది. వెల్లుల్లి సన్న మంట మీద లేత బంగారు రంగుకు రావాలి, మాడిందంటే నూనె మొత్తం చేదు. పాస్తా ఉడికించిన నీళ్లు ఒక గరిటెడు పోసి గట్టిగా తిప్పితే అందులోని గంజి నూనెతో కలిసి చిక్కబడి స్పగెట్టిని పట్టుకుంటుంది. ఆ పని ఇప్పటికీ ఇక్కడ శ్రద్ధగా చేస్తున్నారు. తిన్నాక ప్లేటు అడుగున నూనె మడుగు లేదు.

అమ్మ ఒక ముద్ద తిని "సరిగ ఉడకలేదు బిడ్డా" అంది.

"బిర్యానీకి బియ్యం పలుకు మీద వార్చుతవ్ కదమ్మా, గట్లనే" అన్నాను. ఇటలీవాళ్లు దాన్నే అల్ దెంతె అంటారు, పంటికి తగలాలని. తర్వాత అమ్మ ప్లేటులో ఏమీ మిగల్లేదు.

పెన్నె అరాబియాతా కూడా చెప్పాం, గొట్టాల్లాంటి పాస్తాకు కారం టమాటా సాస్ పట్టించింది. అరాబియాతా అంటే ఇటాలియన్‌లో కోపంగా ఉన్నది అని అర్థం, మిరప ఘాటు వల్ల. ఇక్కడ మన చపాట మిర్చి వేస్తారు, 2025లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిన వరంగల్ చపాట. టమాటా మిర్చి అనేది దాన్నే. రంగు ఎక్కువ, కారం తక్కువ. అందుకే సాస్ నిప్పులా కనబడుతుంది గానీ నాలుకకు ముందు టమాటా పులుపే తెలుస్తుంది. అసలు పద్ధతికి ఇది కొంచెం దూరం, నాకు మాత్రం ఇదే ఇష్టం. ఎనుమాముల మిర్చి మార్కెట్ ఉన్న ఊళ్లో ప్యాకెట్ చిల్లీ ఫ్లేక్స్ ఎందుకు?

పిజ్జా దగ్గరే మనసు విరిగింది. అప్పట్లో కట్టెల పొయ్యి ఉండేది. నేపుల్స్ పద్ధతిలో బాగా కాగిన పొయ్యిలో 60 నుంచి 90 సెకన్లలో పిజ్జా అయిపోతుంది. అంచు ఉబ్బి, అక్కడక్కడ నల్లమచ్చలు పడి, లోపల మెత్తగా ఉంటుంది. ఇక్కడా దానికి దగ్గరగానే వచ్చేది. ఇప్పుడు కరెంటు ఓవెన్. వేడి చాలక ఎక్కువసేపు ఉంచుతారు, ఆలోపు పిండిలో తడి ఆరిపోతుంది. మా మార్గరీటా పిజ్జా అంచు రస్కులా విరిగింది.

"పొయ్యి ఏమైందన్నా?" అని అడిగాను.

"పైన ఇండ్లోళ్లు పొగ వస్తుందన్నరు సార్, తీసేసినం" అన్నాడు వడ్డించే అన్న. వాళ్లనీ తప్పుపట్టలేను. కానీ 380 రూపాయలు పెట్టి ఆ పిజ్జా మళ్లీ చెప్పను.

చివర్లో చెప్పిన కాఫీ రుచి డెజర్ట్ తిరామిసులో తీపి ఎక్కువ, కాఫీ తక్కువ. ముందు కూడా అంతే.

వెళ్లేవాళ్లు రాత్రి ఏడున్నరలోపు వెళ్లండి. రష్ మొదలైతే ముందే ఉడికించి పెట్టిన పాస్తా వస్తుంది, అందులో ఆ పలుకు ఉండదు. కూర్చోగానే అప్పటికప్పుడు ఉడికించి ఇమ్మని అడగండి. పావుగంట ఆగాలి, కాదనకుండా చేసిస్తారు.